గేటుకున్న రెండు కళ్ళు

రాయపూర్‌లోని శంకర్‌నగర్, సమతా కాలనీ, దేవేంద్రనగర్ వంటి పేటలలో కొన్ని ఇళ్ళకు గేటును చేతితో తోసి మూసే రోజులు గతించినవి. కారు వీధి మలుపు తిరుగుతుండగానే యజమాని రిమోట్ మీట నొక్కుతాడు. కొన్ని వందల కిలోల బరువున్న ఇనుప గేటు తన పట్టా మీద మెల్లగా జరిగి దారి ఇస్తుంది. కారు లోపలికి చేరిన తరువాత తిరిగి మూసుకుంటుంది. కారు షెడ్డుకు పైనుంచి దిగే షట్టరు ఉన్న ఇళ్ళలోనూ ఇదే పద్ధతి. వానలో తడవనక్కరలేదు, మే నెల ఎండలో కారు దిగనక్కరలేదు. ఇది సౌకర్యమే, సందేహం లేదు.

అయితే మనిషి గేటు మూసేటప్పుడు అతని చేతులతోపాటు కళ్ళు కూడా పనిచేస్తాయి. మోటారుకు చేతుల బలమే తప్ప చూపు లేదు. అడ్డం వచ్చినది గాలికి కొట్టుకువచ్చిన అట్టముక్కో, బంతి కోసం పరుగెత్తిన పసివాడో దానికి తెలియదు. ఈ లోపాన్ని పూరించడానికే గేటు స్తంభాలకు ఇరువైపులా, ఎదురెదురుగా, రెండు చిన్న నల్లని డబ్బాలు బిగిస్తారు. మెకానిక్కులు వాటిని ఫొటోసెల్ అంటారు. ఇంట్లోవారు సెన్సర్ అంటారు. గేటుకు పెట్టిన ఖర్చులో వాటి వంతు స్వల్పం. ప్రాణరక్షణలో మాత్రం వాటిదే పెద్ద పాలు.

విచిత్రమేమంటే, ఆ ఇంట్లో అందరికంటే తక్కువ ఆదరణ పొందేవి కూడా అవే. కారును వారానికొకసారి కడుగుతారు, గేటుకు ఏటేటా రంగు వేయిస్తారు. సెన్సర్‌ను మాత్రం గేటు మొరాయించిన నాడు తప్ప ఎవరూ తలచుకొనరు. తలచుకొన్న నాడు కూడా దానికి చికిత్స చేయించడానికి బదులు దానిని తొలగించడానికే తరచు మొగ్గుతారు. ప్రమాదమంతా ఆ తొలగింపులోనే ఉన్నది.

అమెరికా నేర్చుకొన్న పాఠం

కాంతి పడినప్పుడు కొన్ని లోహాలలో విద్యుత్ ప్రభావం పుడుతుందన్న సంగతిని 1887లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్‌రిష్ హెర్ట్జ్ గమనించాడు. దాని మర్మాన్ని 1905లో ఐన్‌స్టీన్ విప్పి చెప్పాడు. ఆయనకు 1921వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించినది ప్రధానంగా ఈ కృషికే. కాంతికి స్పందించే ఆ పరికరాన్ని 1931లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఒక భోజనశాల తలుపుకు అమర్చారు. పళ్ళేలు మోసుకొని వచ్చే పరిచారకుడు కాంతికి అడ్డు రాగానే తలుపు దానంతట అదే తెరుచుకొనేది. రాయపూర్ నుండి పార్వతీపురం మీదుగా విజయనగరానికి రైలుమార్గం పూర్తయినది కూడా ఆ 1931లోనే.

తలుపు తెరవడానికి కాంతిని వాడుకొన్న ఆ దేశమే, తలుపు మూసుకోకుండా ఆపడానికి దానిని వాడుకోవాలని తెలుసుకొనడానికి మరి అరవై ఏళ్ళు పట్టింది. అక్కడి ఇళ్ళలో కారు షెడ్డు ఇంటికి ఆనుకొని ఉంటుంది. దాని తలుపు పైకప్పు కిందికి మడతలుగా లేచి, తిరిగి దిగుతుంది. అటువంటి తలుపును సి. జి. జాన్సన్ అనే ఆయన 1921లో రూపొందించి, 1926లో దానికి విద్యుత్ మోటారును జోడించాడు. తరువాతి దశాబ్దాలలో అది ఇంటింటి వస్తువైనది. దానితోపాటే ప్రమాదాలూ వచ్చినవి. 1982 మార్చి తరువాతి సంవత్సరాలలో 2 నుండి 14 ఏళ్ళ వయస్సుగల సుమారు 60 మంది పిల్లలు మోటారు తలుపుల కింద చిక్కి మరణించినట్లు ఆ దేశపు వినియోగ వస్తువుల భద్రతా సంఘం లెక్క తేల్చింది. అంటే సగటున ఏటా నలుగురు.

ఆ తలుపులకు రక్షణ బొత్తిగా లేదని కాదు. దేనికైనా తగిలితే వెనుకకు తిరిగే ఏర్పాటు వాటిలో చాలావాటికి ఉన్నది. కాని తగిలిన తరువాతనే అది పనిచేయవలెను. తగిలినది మెత్తని శరీరమైతే తలుపు దానిని గుర్తించేలోగా నొక్కివేయవచ్చు. స్ప్రింగు బిగువు మారినా, మోటారు బలం ఎక్కువగా సరిచేసినా వెనుదిరగడం ఆలస్యమవుతుంది, లేదా అసలు జరగదు. అందువల్ల అమెరికా 1990లో చట్టం చేసి, 1993 జనవరి 1 నుండి తయారయ్యే ప్రతి గృహోపయోగ తలుపు మోటారుకు వెనుదిరిగే ఏర్పాటుతోపాటు కాంతి సెన్సర్ వంటి రెండవ రక్షణ కూడా ఉండి తీరవలెనని శాసించింది. తగలకముందే ఆగవలెనన్నది ఆ చట్టంలోని సారాంశం.

ఇది పరదేశపు ముచ్చట అని తోసిపుచ్చడానికి వీలులేదు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాదులోని ఒక అపార్టుమెంటులో ఆరేళ్ళ బాలుడు లిఫ్టుకు, గోడకు నడుమ చిక్కి మరణించాడు. అది గేటు కాదు, లిఫ్టు; అయినా కదిలే యంత్రానికి పసివాని ఉనికి తెలియకపోవడమన్న అంశం రెండింటికీ సమానమే.

ఆ కళ్ళు చూసే తీరు

రెండు డబ్బాలలో ఒకటి కిరణాన్ని పంపుతుంది, రెండవది అందుకొంటుంది. పంపేది పరారుణ కిరణం. టీవీ రిమోట్ నుండి వెలువడేది కూడా ఈ జాతిదే. మనిషి కంటికి అది కనబడదు. అది ఎడతెగకుండా వెలిగే దీపం వంటిది కాదు. సెకనుకు వందల, వేల సార్లు వెలిగి ఆరుతూ ఉంటుంది. అందుకొనే కన్ను ఆ లయను మాత్రమే గుర్తించి, వీధి దీపాన్నీ పగటి వెలుతురునూ లెక్కచేయకుండా ఉంటుంది.

కిరణం నిరాటంకంగా అందుతున్నంతసేపు దారి ఖాళీగా ఉన్నదని గేటు యంత్రానికి కబురు చేరుతూ ఉంటుంది. నడుమ ఏదైనా అడ్డుపడి ఆ కబురు ఆగిపోగానే, మూసుకొంటున్న గేటు నిలిచిపోయి వెనుకకు మళ్ళుతుంది. ఇక్కడ గ్రహించవలసిన కీలకం ఒకటి కలదు. సెన్సర్ అపాయం ఉన్నదని చెప్పదు. అపాయం లేదని ఎడతెగకుండా చెబుతూ ఉంటుంది. అది మౌనం వహిస్తే అపాయం ఉన్నట్లే యంత్రం భావిస్తుంది. కనుక అడ్డం వచ్చినది మనిషైనా, అద్దం మీద దుమ్ము పేరుకొన్నా, తీగ తెగినా, సెన్సర్‌కు విద్యుత్తు అందకపోయినా ఫలితం ఒక్కటే: గేటు మూసుకోదు.

రాయపూర్‌లో రైల్వే కొలువులలో తరాలు గడిపిన తెలుగు కుటుంబాలకు ఈ సూత్రం కొత్తది కాదు. పాతకాలపు చేతి సిగ్నలును నడిపే తీగ తెగిపోతే, దానికి కట్టిన బరువు వలన సిగ్నలు చెయ్యి తనంతట తానే ‘ఆగు’ అనే స్థితికి వచ్చేది. లోపం ఏర్పడినప్పుడు బండి ఆగిపోవలెనే గాని ముందుకు సాగరాదన్నది రైల్వేవారి మూలసూత్రం. దానివల్ల ప్రయాణం ఆలస్యం కావచ్చును, ప్రయాణికులు విసుక్కొనవచ్చును, కాని ప్రాణాలు దక్కుతాయి. గేటు సెన్సర్ కూడా అదే నీతిని పాటిస్తున్నది. గేటు మూసుకోవడం లేదంటే చెడిపోయినదని అర్థం కాదు. తన పని తాను చేస్తున్నదని అర్థం.

రాయపూర్‌లో వాటి శత్రువులు

కళ్ళకు మసక కమ్మడానికి రాయపూర్ వాతావరణంలో కారణాలు పెక్కు. మొదటిది దుమ్ము. నగరానికి ఉత్తరంగా ఉన్న ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలలో స్పాంజి ఐరన్ కర్మాగారాలు ఉన్నవి. ఆ దిక్కున ఉండే ఇళ్ళవారికి మేడమీద ఆరవేసిన బట్టల మీద, కిటికీ అంచుల మీద చేరే నల్లని నుసి పరిచితమే. సెన్సర్ ముందరి అద్దం మీద చేరేది కూడా అదే నుసి. వేసవి గాలులలో ఎర్రని మట్టి దానికి తోడవుతుంది. పొర మందమైనకొద్దీ కిరణం బలహీనపడుతుంది. మొదట అప్పుడప్పుడు, తరువాత తరచుగా గేటు మొండికేస్తుంది.

రెండవది ఎండ. పరారుణ కిరణాలు సూర్యకాంతిలోనూ పుష్కలంగా ఉన్నవి. ఉత్తర ముఖంగానో దక్షిణ ముఖంగానో ఉన్న గేటుకు సెన్సర్ కిరణం తూర్పుపడమరలుగా సాగుతుంది. అందుకొనే కన్ను పడమటి దిక్కు చూస్తూ ఉంటే సాయంకాలపు సూర్యుడు నేరుగా దానిలోకి కాస్తాడు. ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు నెలల మూడవ వారం ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా పడమరన అస్తమిస్తాడు కనుక ఇబ్బంది హెచ్చవుతుంది. ఉదయమంతా చక్కగా పనిచేసిన గేటు సాయంత్రం అయిదున్నరకు మొరాయించి, చీకటి పడగానే తిరిగి దారికి వస్తుంది. మెకానిక్ మరునాడు పొద్దున వచ్చి చూస్తే లోపం కనబడదు. దీనికి విరుగుడు సులభమే. రెండు డబ్బాలను తారుమారు చేసి, అందుకొనే కన్ను ఎండవైపు చూడకుండా అమర్చవలెను. అది వీలుకానిచో దాని ముందు నల్లని గొట్టపు తొడుగును చిన్న చూరువలె అమర్చవచ్చును. ఎండ పక్కనుంచి పడకుండా అది ఆపుతుంది, ఎదుటి కిరణాన్ని మాత్రం ఆపదు.

మూడవది వాన. జూన్ మధ్య నుండి సెప్టెంబరు వరకు కురిసే వానలలో నీరు డబ్బాలోకి దిగితే లోపలి రాగి తీగలకు చిలుము పడుతుంది, అద్దం లోపలివైపు ఆవిరి పట్టుతుంది. తీగ డబ్బాలోకి పైనుంచి దిగరాదు, అడుగు నుండి ప్రవేశించవలెను. ప్రవేశించే ముందు తీగ కిందికి వేలాడి తిరిగి పైకి లేచేటట్లు వంపు ఉంచినచో, తీగ వెంట జారే నీటి బొట్టు ఆ వంపు వద్దనే రాలిపోతుంది.

నాలుగవది జీవకోటి. సాలీడు రెండు గంటలలో అల్లిన గూడు కిరణాన్ని మసకబార్చగలదు. చీమలు తీగ దూరిన రంధ్రం గుండా డబ్బాలో చేరి కాపురం పెడతాయి; బల్లి గుడ్లు కనబడడం కూడా కద్దు. రంధ్రాన్ని సిలికాన్ ముద్దతో మూసినచో ఈ బాధ తప్పుతుంది. గోడ పక్కన పెంచిన కాగితపు పూల తీగ వాన చినుకు పడగానే చిగిర్చి, ఒక రెమ్మను కిరణానికి అడ్డంగా చాచవచ్చును. వీధి పశువు స్తంభానికి ఒళ్ళు రుద్దుకొన్నా, స్కూటరు హేండిల్ తగిలినా డబ్బా ఒక వెంట్రుకవాసి పక్కకు తిరిగి, ఎదుటి కంటికి చూపు కలవకుండా పోతుంది.

అయిదవది పండుగ. దీపావళికి ముందు గోడలకు, గేటుకు రంగు వేసేటప్పుడు కుంచె నుండి చిందిన చుక్క అద్దం మీద పడి గట్టిపడుతుంది. హోలీ రంగులూ అంతే. గేటుకు కట్టిన బంతిపూల దండ కిరణానికి అడ్డం వేలాడి, అతిథులు వచ్చే వేళకు గేటు కదలకుండా చేస్తుంది. రంగు వేయించే ముందు సెన్సర్ మీద కాగితం అంటించి, పని ముగియగానే మరువక తీసివేయవలెను.

అసలు ప్రమాదం ఎక్కడ?

ఇంతవరకు చెప్పిన లోపాలన్నీ విసిగించేవే గాని చంపేవి కావు. ప్రతి లోపానికీ గేటు మూసుకోకపోవడమే ఫలితం. ప్రాణాపాయం మనుషులు కనిపెట్టిన పరిష్కారంతో మొదలవుతుంది.

ఇంటివారు బయలుదేరే తొందరలో ఉంటారు. గేటు మూసుకోదు. ఎవరినో పిలిపిస్తారు. వచ్చినవాడు రెండు నిమిషాలలో పని ముగిస్తాడు. గేటు పెట్టెలో సెన్సర్ తీగలు వచ్చి చేరే రెండు కొసలను జానెడు తీగముక్కతో కలిపివేస్తాడు. ఇక ఆ క్షణం నుండి దారి ఖాళీగా ఉన్నదన్న కబురు యంత్రానికి ఎల్లప్పుడూ చేరుతూనే ఉంటుంది, నడుమ ఎవరు నిలుచున్నా సరే. కొందరు రెండు డబ్బాలనూ ఊడదీసి ఒకదానికొకటి ఎదురుగా గోడ మీదనే కట్టివేస్తారు. అవి గేటును విడిచి ఒకదానినొకటి చూచుకొంటూ ఉంటాయి. గేటు చక్కగా మూసుకొంటుంది. ఇంటివారు సంతోషిస్తారు. సెన్సర్ డబ్బాలు చోటు మారకుండా, దీపాలు వెలుగుతూ ఉంటే కాపలా ఉన్నదనే అందరూ నమ్ముతారు. కాపలాదారు లేని ఇల్లు కంటే కాపలాదారు ఉన్నాడని భ్రమపడిన ఇల్లు ఎక్కువ అపాయకరం. మొదటి ఇంటివారు పిల్లలను కనిపెట్టుకొని ఉంటారు. రెండవ ఇంటివారు ఉండరు.

తాత్కాలికంగా వేసిన ఆ తీగముక్కను తిరిగి తీసివేయడానికి మెకానిక్‌ను పిలిచేవారు అరుదు. గేటు పనిచేస్తున్నప్పుడు మెకానిక్ ఎందుకు? ఆ విధంగా తాత్కాలికం శాశ్వతమవుతుంది. ఇల్లు అద్దెకు ఇచ్చినా, అమ్మినా ఆ తీగముక్క కూడా ఇంటితోపాటు కొత్తవారికి సంక్రమిస్తుంది. ఇల్లు మారినవారు, ఇల్లు కొన్నవారు మొదటి రోజుననే సెన్సర్‌ను పరీక్షించి చూడవలసిన కారణం ఇదే.

గేటు మొరాయించిన నాడు అత్యవసరమైతే చేయవలసినది వేరు. మోటారుకు తాళపుచెవితో తిప్పే విడుదల మీట ఉంటుంది. దానిని తిప్పితే మోటారుకు గేటుకు సంబంధం తెగి, గేటు చేతితో తోయడానికి వీలవుతుంది. కొన్ని యంత్రాలలో గోడ మీట నొక్కి పట్టినంతసేపే గేటు కదిలే ఏర్పాటు కూడా ఉన్నది. చేయి తీస్తే ఆగిపోతుంది. అప్పుడు నొక్కినవాని కళ్ళే సెన్సర్. ఈ రెండూ క్షేమమైన మార్గాలు. తీగముక్క కాదు.

నెలకు ఐదు నిమిషాలు

సెన్సర్ సంరక్షణకు చదువు అక్కరలేదు, పనిముట్లు అక్కరలేదు. నెలలో ఒక తేదీని, ఉదాహరణకు పాలవానికి లెక్క చెల్లించే ఒకటవ తేదీని, ఇందుకు నియమించుకొంటే చాలును.

ముందుగా గేటు యంత్రపు స్విచ్చి ఆపివేయవలెను. అద్దం మీది నుసిని మొదట మెత్తని కుంచెతో దులిపి, ఆ తరువాత తడిపి బాగా పిండిన పాత నూలు గుడ్డతో తుడవవలెను. పొడి నుసిని నేరుగా రుద్దినచో అద్దం గీతలు పడుతుంది. ఆ అద్దం సాధారణంగా ప్లాస్టిక్‌దే కనుక కిరసనాయిలు, పెట్రోలు, రంగు పలుచబరచే తిన్నెరు ముట్టించరాదు, శాశ్వతంగా మసకబారుతుంది. గొట్టంతో నీళ్ళు కొట్టరాదు. తుడిచేటప్పుడే సాలెగూడు, చీమల బారు, వంగిన కొమ్మ, వదులైన మర ఉన్నవేమో చూడవలెను. 230 వోల్టుల విద్యుత్తు ఉండే యంత్రపు పెట్టెను మాత్రం ఇంటివారు తెరవరాదు.

తరువాత స్విచ్చి వేసి, దీపాలు గమనించవలెను. పెక్కు సెన్సర్లకు చిన్న సూచక దీపం ఉంటుంది. కిరణం అందుతున్నప్పుడు ఒక తీరుగాను, అందనప్పుడు వేరొక తీరుగాను వెలుగుతుంది. ఏది ఏ సంకేతమో గేటుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కిరణం వెలువడుతున్నదో లేదో తెలియనప్పుడు సెల్‌ఫోన్ కెమెరాను పంపే కన్ను వైపు తిప్పి చూడవచ్చును. కొన్ని ఫోన్లలో ఆ అదృశ్య కిరణం ఊదారంగు చుక్కగా కనబడుతుంది. ఆ ఫోన్ దీనికి పనికివస్తుందో లేదో ముందు టీవీ రిమోట్‌తో పరీక్షించుకొనవలెను.

ఇప్పుడు అసలైన పరీక్ష. గేటు తెరచి, మూసుకొనే మీట నొక్కవలెను. అది సగం దారిలో ఉండగా పక్కన నిలబడి, పొడవైన కర్రకు కట్టిన అట్టముక్కను కిరణానికి అడ్డం పెట్టవలెను. చేయి గాని కాలు గాని పెట్టరాదు. గేటు వెంటనే ఆగి వెనుకకు మళ్ళవలెను. మళ్ళకపోతే ఆ గేటును ఆ రోజు నుండి మోటారుతో నడపరాదు. సెన్సర్ దీపాలు ఎంత చక్కగా వెలుగుతున్నా సరే, నమ్మవలసినది పరీక్షను మాత్రమే. ఎందుచేతనంటే అరుదుగానైనా సెన్సర్ లోపలి మీట ‘దారి ఖాళీ’ అన్న స్థితిలోనే అతుక్కుపోయే అవకాశమున్నది. మౌనం వహించవలసిన కాపలాదారు అబద్ధమాడే సందర్భం అదొక్కటే. కొన్ని కొత్త యంత్రాలు ప్రతిసారీ కదలబోయే ముందు సెన్సర్‌ను తామే పరీక్షించుకొంటాయి. కొనేటప్పుడు ఈ సదుపాయం ఉన్నదా అని అడగడం మంచిది.

పైనుంచి దిగే తలుపులకు రెండవ పరీక్ష కూడా కావలెను. సుమారు నాలుగు సెంటీమీటర్ల మందమున్న చెక్కను తలుపు దిగేచోట నేలమీద పడుకోబెట్టి తలుపును దింపవలెను. చెక్కకు తగిలిన రెండు సెకన్లలో తలుపు తిరిగి పైకి లేవవలెను. లేవకపోతే మోటారు బలాన్ని సరిచేయించవలెను.

ఆ కళ్ళకు కనబడనివి

సెన్సర్ పనిచేస్తున్నదన్న ధీమా కూడా హద్దు మీరరాదు. దాని చూపు ఒక గోడవంటిది కాదు, ఒక దారంవంటిది. ఆ దారం మీద ఉన్నది మాత్రమే దానికి తెలుస్తుంది. అది మోకాలి ఎత్తున ఉంటే దాని కింద పాకే బిడ్డ కనబడదు. పాదాల ఎత్తున ఉంటే కారు చక్రాల నడుమ ఖాళీ కనబడి, కారు ఉన్న సంగతే తెలియకపోవచ్చును. పైనుంచి దిగే తలుపులకు నేలనుండి 15 సెంటీమీటర్ల ఎత్తు మించరాదని అమెరికా నిబంధన. పక్కకు జరిగే గేటుకు కింద ఒకటి, పైన ఒకటిగా రెండు జతలు అమర్చడం ఉత్తమం. గేటు అంచుకు మెత్తని రబ్బరు పట్టీ అమర్చి, అది నొక్కుకోగానే మోటారు ఆగే ఏర్పాటు కూడా కలదు. మూసుకొనే గేటు అంచు ఇరుకు సందులో దేనికైనా తగిలినప్పుడు వేసే ఒత్తిడి 400 న్యూటన్లు, అనగా సుమారు 40 కిలోల బరువు, మించరాదనీ, ముప్పాతిక సెకనులోగా అది 150 న్యూటన్లకు తగ్గవలెననీ ఐరోపా ప్రమాణం విధిస్తున్నది.

పిల్లలు గేటు పట్టుకొని వేలాడుతూ దానితోపాటు ఊరేగడం ముచ్చటైన ఆటగా కనబడుతుంది. ఆ సమయంలో వారు కిరణానికి అడ్డు కారు. గేటు తెరుచుకొనేటప్పుడు దాని వెనుక అంచుకూ గోడకూ మధ్య సందు మూసుకుపోతుంది. చాలా ఇళ్ళలో అక్కడ సెన్సర్ ఉండదు. పట్టా కొసన గట్టి అడ్డుకట్ట లేకపోయినా, పైన గేటును నిలబెట్టే రోలర్లు అరిగినా, మొత్తం గేటే పట్టా తప్పి పక్కకు పడిపోవచ్చును. ఈ అపాయాన్ని ఏ సెన్సర్ కూడా ఆపజాలదు. ఏడాదికొకసారి వెల్డింగు మేస్త్రీ చేత అడ్డుకట్టలు, రోలర్లు పరీక్ష చేయించడం అవసరం.

మాలవీయ రోడ్డు, పండరి వంటి బజారులలో మోటారుతో నడిచే దుకాణపు షట్టరుకు సెన్సర్ లేనిచోట రాత్రి దుకాణం కట్టేటప్పుడు మీట దగ్గర నిలబడినవాడు షట్టరు పూర్తిగా దిగేవరకు కదలరాదు. దిగుతున్న షట్టరు కిందినుంచి వంగి బయటికి దూకడం నేర్పు కాదు, పందెం.

ఇంటిల్లిపాదికీ తెలియవలసినవి

రిమోట్ ఆటబొమ్మ కాదు. అది పిల్లల చేతికి అందని ఎత్తున ఉండవలెను. గేటు కనబడని చోటునుంచి, అనగా పడకగది నుండో వీధి చివరినుండో, మూసే మీట నొక్కరాదు. గేటు పూర్తిగా మూసుకొనేవరకు కారు కదిలించరాదు. వెనుకచూపు అద్దంలో చూస్తూ ఉండవలెను. కదిలే గేటును దాటి పరుగెత్తే అలవాటు పెద్దలు మానితేనే పిల్లలు మానుతారు.

విడుదల తాళపుచెవి ఎక్కడ ఉన్నదో ఇంట్లోని పెద్దలందరికీ, పనిమనిషికీ, కాపలాదారుకూ తెలియవలెను. ఎవరైనా చిక్కుకొన్నప్పుడు బీరువా వెతకడానికి వ్యవధి ఉండదు. యంత్రానికి దగ్గరలోనే, పిల్లలకు అందని మేకుకు దానిని తగిలించి ఉంచవలెను. కరెంటు పోయిన రోజున ఒకసారి ప్రతివారి చేతా ఆ మీటను తిప్పించి గేటును తోయించడం మంచి అభ్యాసం. అవసరం వచ్చిన రాత్రి ఎవరి చేయీ తడబడదు.

మెకానిక్‌ను పిలిచినప్పుడు గేటు మూసుకొనేటట్లు చేయమని చెప్పడం కంటే, సెన్సర్ పనిచేసేటట్లు చేయమని చెప్పడం మేలు. ఈ రెండు మాటలకూ గల తేడా జానెడు తీగముక్క. పని ముగిసిన తరువాత అతని ఎదుటనే అట్టముక్క పరీక్ష చేసి చూసి, గేటు వెనుకకు మళ్ళిన తరువాతనే డబ్బు చెల్లించవలెను. సెన్సర్ పూర్తిగా పాడైపోతే కొత్త జత కొనవలెనే గాని, అది లేకుండా గడుపుకొనరాదు.

ఎండలు మండినా, వానలు కురిసినా ఆ రెండు చిన్న డబ్బాలు రాత్రింబవళ్ళు ఒకదానినొకటి చూచుకొంటూ దారి ఖాళీగా ఉన్నదని చెబుతూనే ఉంటాయి. అవి ప్రతిఫలంగా కోరేది నెలకొకసారి ఒక తడిగుడ్డ, ఒక అట్టముక్క, ఐదు నిమిషాల వ్యవధి. గేటు మూసుకోనని మొండికేసిన రోజున విసుక్కొనే ముందు, అది ఏమి చూసి ఆగినదో ఒక్కసారి వంగి చూడడం ఇంటి యజమాని ధర్మం.